పాత పికప్‌కు వేరే డీజిల్ ట్యాంకా? పాన పట్టే ముందు ఇవి చూసుకోండి

రాత్రి 2 గంటలు. 60 ట్రేల టమాటా ఎక్కించుకుని మదనపల్లె మార్కెట్‌కు బయల్దేరారు. ఊరు దాటి 10 కిలోమీటర్లు పోయారో లేదో బండి వెనక్కి లాగినట్టయింది. యాక్సిలేటర్ తొక్కినా ఊపు లేదు. రెండుసార్లు గుటకలు వేసి ఇంజను ఆగిపోయింది. పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే స్టార్టయింది. మరో 5 కిలోమీటర్లకు మళ్లీ అదే కథ. వేలం వేళకు చేరకపోతే ఆ సరుకు ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ట్రేకు 25 కిలోల లెక్కన 1,500 కిలోల కాయ రోడ్డు పక్కన ఎండకు మెత్తబడుతుంది.

మర్నాడు మెకానిక్కు దగ్గరికి పోతే ఆయన ట్యాంకు మూత తీసి చూసి, "లోపలంతా తుప్పు పట్టింది, ట్యాంకు మార్చేద్దాం, పంపు కూడా వేరేది వేద్దాం" అంటాడు. కంపెనీ ట్యాంకు దొరకదు, దొరికినా ధర ఎక్కువ. తుక్కు దుకాణంలో ఇంకో బండి ట్యాంకు చవగ్గా ఉంది. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కొన్న పాత బండి అయితే ఎవరి జేబులోంచి ఎంత తీయాలన్నదే పెద్ద తగవు. ఇలాంటప్పుడు తొందరపడి మార్చినవాళ్లు మూడు నెలలకే మళ్లీ షెడ్డుకు వస్తారు. ఆలోచించి మార్చినవాళ్ల బండి ఏళ్ల తరబడి నడుస్తుంది. తేడా ఎక్కడుందో చూద్దాం.

రోగం ఎక్కడుందో ముందు తేల్చండి

డీజిల్ దారి చాలా తేలికైనది. ట్యాంకులోంచి గొట్టం ద్వారా డీజిల్‌ను చిన్న ఫీడ్ పంపు లాగుతుంది. అది ఫిల్టర్లకు, ఫిల్టర్ల నుంచి పెద్ద పంపుకు, అంటే మెకానిక్కులు ఎఫ్.ఐ.పి. అనేదానికి పోతుంది. అక్కడి నుంచి సన్నని ఉక్కు గొట్టాల ద్వారా నాజిళ్లకు చేరుతుంది. మిగిలిన డీజిల్ వేరే గొట్టంలో తిరిగి ట్యాంకుకే వస్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా, ఎక్కడ గాలి చొరబడినా బండి ఒకే రకంగా మొరాయిస్తుంది. అందుకే లక్షణం చూసి ట్యాంకు మీద నేరం మోపకూడదు.

రూపాయి ఖర్చు లేని పరీక్షలు మూడున్నాయి.

మొదటిది మూత పరీక్ష. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ తర్వాత బండి మామూలుగా నడిచిందంటే ట్యాంకుకు గాలి ఆడటం లేదని అర్థం. డీజిల్ బయటికి పోయేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. మూతలోని సన్న రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేదు. ఆ రంధ్రం శుభ్రం చేస్తే చాలు. కొందరు మేకుతో మూతకు పెద్ద చిల్లు పెడతారు. అది తప్పు. ఆ చిల్లులోంచే వాననీరు, మట్టి లోపలికి దిగుతాయి.

రెండోది జల్లెడ పరీక్ష. చాలా పాత బండ్లలో ఫీడ్ పంపు కింద చిన్న గిన్నె, అందులో సన్నని జాలీ ఉంటాయి. ఆ గిన్నె విప్పి చూడండి. ఎర్రటి బురద, నీటి బొట్లు కనిపిస్తే ట్యాంకులో తుప్పు ఉన్నట్టే. జాలీ కడిగి, ఫిల్టరు మార్చి వారం రోజులు నడపండి. మళ్లీ అదే బురద వస్తేనే ట్యాంకు సంగతి ఆలోచించాలి.

మూడోది డబ్బా పరీక్ష. ఇంటి ముందు బండి ఆపి, ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే గొట్టం విప్పండి. దాని స్థానంలో డీజిల్‌కు పనికొచ్చే శుభ్రమైన గొట్టం తగిలించి, రెండో కొనను 5 లీటర్ల శుభ్రమైన డీజిల్ డబ్బాలో ముంచండి. గాలి తీసి ఇంజను నడపండి. 15 నిమిషాలు యాక్సిలేటర్ పెంచుతూ తగ్గిస్తూ చూడండి. డబ్బాతో బాగా నడిచి ట్యాంకుతో నడవకపోతే లోపం ట్యాంకులోనో, అక్కడి నుంచి వచ్చే గొట్టంలోనో ఉంది. డబ్బాతో కూడా ఆగిపోతే ట్యాంకు మార్చినా ఫలితం సున్నా. అప్పుడు పంపు, ఫిల్టరు, వాషర్ల వైపు చూడాలి. ఈ పరీక్ష బండి నిలిపి ఉన్నప్పుడే చేయాలి. డబ్బా కట్టుకుని రోడ్డెక్కడం ప్రాణాలతో చెలగాటం.

ట్యాంకు ఎప్పుడు మార్చక తప్పదు?

పట్టీలు బిగించిన చోట ట్యాంకు ముందుగా తుప్పు పడుతుంది. పట్టీకీ రేకుకూ మధ్య తడి, మట్టి నిలిచి రేకును తినేస్తాయి. గోటితో గీకితే పొరలు ఊడుతున్నా, కింద చెమ్మ కనిపిస్తున్నా ఆ ట్యాంకు పని అయిపోయినట్టే.

చిన్న కారుడే కదా అని సబ్బు, ఎం-సీల్ పెట్టి నెట్టుకొస్తుంటారు. ఒక లెక్క చూడండి. సుమారు 20 చుక్కలు కలిస్తే 1 మిల్లీలీటరు. సెకనుకు ఒక్క చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు, అంటే 4 లీటర్లకు పైగా డీజిల్ నేలపాలు. ఈ లెక్క వేసుకుంటే ట్యాంకు ఖర్చు ఎన్ని రోజుల్లో తిరిగొస్తుందో మీకే తెలుస్తుంది.

తుక్కు దుకాణంలో ఏం చూడాలి?

విజయవాడ ఆటోనగర్‌కు పోయినా, హైదరాబాద్ రాణీగంజ్‌కు పోయినా, మీ పట్నంలోని తుక్కు కొట్టుకు పోయినా ముందు మీ పాత ట్యాంకు కొలతలు రాసుకుని పోండి. పలక ట్యాంకు అయితే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 x 40 x 25 అయితే 60 లీటర్లు. పాతదాని కంటే మరీ పెద్దది కొనాలన్న ఆశ వద్దు. 60 లీటర్ల డీజిల్ ఒక్కటే సుమారు 50 కిలోల బరువు. ఆ బరువంతా గతుకుల్లో పట్టీల మీద ఊగుతుంది.

తర్వాత ఇవి చూడండి:

- టార్చిలైటు వేసి లోపల చూడండి. అగ్గిపుల్ల, లైటరు దగ్గరికి రానీయవద్దు. రేకు నున్నగా ఉండాలి. లోపలి పూత పొరలుగా లేస్తున్న ట్యాంకు వద్దు.
- జింకు పూత ఉన్న రేకుతో, అంటే జి.ఐ. రేకుతో చేయించిన ట్యాంకు డీజిల్‌కు పనికిరాదు. డీజిల్ జింకుతో కలిసి జిగురులాంటి పదార్థం తయారై ఫిల్టర్లను, నాజిళ్లను పట్టేస్తుంది. జి.ఐ. గొట్టాలూ అంతే.
- పీల్చే గొట్టంతో పాటు తిరుగు గొట్టానికి కూడా దారి ఉండాలి. కొన్ని పాత పెట్రోలు బండ్ల ట్యాంకులకు ఈ రెండో దారి ఉండదు. అలాంటిది తెచ్చి తిరుగు డీజిల్‌ను పీల్చే గొట్టానికే కలిపితే, వేడి డీజిల్, గాలి బుడగలు మళ్లీ పంపులోకే పోతాయి.
- పురుగుమందు డ్రమ్ము, నూనె డబ్బా వగైరాలను ట్యాంకుగా మార్చాలన్న ఆలోచనే వద్దు.
- గేజి ఫ్లోటు సంగతి అడగండి. ఒక్కో కంపెనీ గేజికి ఒక్కో కొలత. కొన్నిట్లో ట్యాంకు నిండేకొద్దీ విద్యుత్ నిరోధం పెరుగుతుంది, కొన్నిట్లో తగ్గుతుంది. వేరే బండి ఫ్లోటును మీ మీటరుకు కలిపితే ఖాళీ ట్యాంకును నిండుగా చూపించవచ్చు. వీలైతే మీ పాత ఫ్లోటునే కొత్త ట్యాంకుకు అమర్చుకోండి. కుదరకపోతే కర్రతో కొలుచుకునే గుర్తులు పెట్టుకోండి.

తెచ్చిన ట్యాంకును లోపల కడగాలి. కొంచెం డీజిల్, గుప్పెడు సన్న గొలుసు ముక్కలు వేసి గట్టిగా ఊపితే తుప్పు ఊడుతుంది. గొలుసు ముక్కలు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. దారానికి అయస్కాంతం కట్టి లోపల తిప్పితే మిగిలిన ఇనుప రజను అంటుకుని వస్తుంది. శుభ్రమైన డీజిల్‌తో రెండుసార్లు తొలిచి, నీటి చుక్క లేకుండా ఆరబెట్టండి.

వెల్డింగ్ దగ్గర జాగ్రత్త

ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. వాడిన ట్యాంకును ఊరి వెల్డింగ్ షాపులో పెట్టి అతుకు వేయించవద్దు. "డీజిల్ పెట్రోలులా భగ్గుమనదు కదా, పైగా ట్యాంకు ఖాళీగా ఉంది" అంటారు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. అంచుల్లో, అతుకుల్లో మిగిలిన కాస్త డీజిల్ వెల్డింగ్ వేడికి ఆవిరై, లోపలి గాలితో కలిసి నిప్పు తగలగానే బాంబులా పేలుతుంది. గ్రైండరు నిప్పురవ్వ కూడా చాలు. నీళ్లతో ఒకసారి కడిగినంత మాత్రాన ఆ ఆవిరి పోదు. అతుకు తప్పనిసరి అయితే ట్యాంకులను ఆవిరితో శుద్ధిచేసి పనిచేసే అనుభవజ్ఞుల దగ్గరికే తీసుకుపోవాలి. పిల్లలను, బీడీ కాల్చేవాళ్లను ఆ దరిదాపులకు రానీయవద్దు.

బిగించేటప్పుడు

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పండి. కొత్త ట్యాంకు పాతదాని చోటులోనే, అంతే ఎత్తులో ఉండేలా చూడండి. మరీ కిందికి పెడితే రాళ్లు తగులుతాయి, పంపు ఎక్కువ ఎత్తుకు లాగాల్సి వస్తుంది. ఇంజను కంటే పైకి పెడితే గొట్టం ఊడినప్పుడు ట్యాంకంతా కారిపోతుంది. పొగ గొట్టానికి దూరంగా ఉండాలి. దగ్గర తప్పకపోతే మధ్యలో రేకు అడ్డు పెట్టాలి.

బ్రాకెట్ల కోసం ఛాసిస్ పైఅంచుకూ కిందిఅంచుకూ రంధ్రాలు వేయవద్దు, అక్కడ వెల్డింగ్ చేయించవద్దు. లోడు బరువంతా మోసేది ఆ అంచులే. ముందే ఉన్న రంధ్రాలను వాడుకోవాలి. పట్టీల కింద రబ్బరు ముక్కలు వేయండి. నెల తర్వాత ఒకసారి బోల్టులు మళ్లీ బిగించండి.

పీల్చే గొట్టం కొన ట్యాంకు అడుగుకు ఆనకూడదు. సుమారు 2 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. అడుగున చేరే నీరు, మడ్డి లోపలికి పోకుండా ఆ ఎడమే కాపాడుతుంది. గొట్టాల లావు పాతదాని కంటే తగ్గకూడదు. బోరు దగ్గర వాడే మామూలు రబ్బరు పైపు డీజిల్‌కు ఉబ్బి, లోపల పొరలు ఊడుతుంది. డీజిల్ కోసమని అమ్మే గొట్టమే కొనండి. మెలితిప్పిన తీగ బదులు క్లిప్పులు వాడండి. పీల్చే వైపు గొట్టానికి సన్న పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే పైకి పొడిగా కనిపించినా బండి ఆగుతుంటుంది. ఆ చోట అడుగు పొడవు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి.

పంపు మార్చాలా?

ముందు మీ పెద్ద పంపు ఏ రకమో చూసుకోండి. ఉక్కు గొట్టాలన్నీ పైనుంచి ఒకే వరుసలో లేస్తే అది వరుస పంపు. గుండ్రటి తల చుట్టూ గొట్టాలు ఉంటే రోటరీ పంపు. నాజిళ్ల మీద కరెంటు సాకెట్లు ఉంటే అది కామన్ రైలు బండి. అందులో ప్రెషరు వెయ్యి కిలోలకు పైగా ఉంటుంది. దానికి వేరే ట్యాంకు, వేరే పంపు ప్రయోగాలు చేయవద్దు. కంపెనీ చెప్పినవే వేయించాలి.

వరుస పంపు పక్కన చేతితో నొక్కే బొడిపె ఉన్న చిన్న పంపే ఫీడ్ పంపు. చాలామంది దీన్ని ఇప్పటికీ మైకో పంపు అనే అడుగుతారు. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది. ఈ పంపు బలహీనపడిందో లేదో తెలుసుకోవడం తేలిక. బయటికి పోయే గొట్టం విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ దమ్ముగా, ఉండుండి ఎగజిమ్మాలి. నీరసంగా కారితే లోపలి వాల్వులు, స్ప్రింగు, సీళ్లు అరిగాయి. వీటికి రిపేరు కిట్టు దొరుకుతుంది. మొత్తం పంపు మార్చే ముందు కిట్టు వేయించి చూడండి.

మార్చాల్సే వస్తే పాతది చేతిలో పట్టుకునే కొట్టుకు పోండి. బోల్టు రంధ్రాల దూరం, లోపలికి నొక్కే పుల్ల పొడవు, డీజిల్ వచ్చే వైపు పోయే వైపు, ఈ మూడూ పోల్చండి. పుల్ల పొడవు తేడా ఉంటే పంపు సరిగా లాగదు, లేదా విరుగుతుంది. కాపర్ వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయండి. వేశాక వారం పాటు రోజూ ఉదయం ఇంజనాయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరుగుతున్నా, డీజిల్ వాసన వస్తున్నా పంపు సీలు లీకై డీజిల్ ఆయిల్లో కలుస్తోందని అర్థం. వెంటనే ఆపేయాలి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, ఇంజను బోరుకు వస్తుంది.

కరెంటు పంపు పెడితే?

"ఫీడ్ పంపు గొడవే వద్దు, కారు ట్యాంకులోని పెట్రోలు పంపు పెట్టేద్దాం" అనే సలహా వినిపిస్తుంది. దీనికి తల ఊపవద్దు. ఇంజెక్షన్ పెట్రోలు కార్ల పంపు సుమారు 3 కిలోల ప్రెషరుతో తోస్తుంది. మీ పాత బండి ఫీడ్ లైనుకు కావాల్సింది అందులో సగమో అంతకన్నా తక్కువో. ఎక్కువ తోస్తే సీళ్లు తన్నేస్తాయి. రోటరీ పంపులో అయితే లోపలి ప్రెషరును బట్టే టైమింగు ముందుకు వెనక్కు జరుగుతుంది కాబట్టి, బండి కొట్టుకోవడం, పొగ కక్కడం మొదలవుతుంది.

డీజిల్ కోసం తక్కువ ప్రెషరుతో పనిచేసే 12 వోల్టుల పంపులు వేరే ఉన్నాయి. మెకానిక్కు అదే పెడతానంటే మూడు షరతులు పెట్టండి. పంపుకు ముందు జాలీ ఫిల్టరు ఉండాలి. వైరింగులో ఫ్యూజు, రిలే ఉండాలి. ఇంజను ఆగితే పంపు కూడా దానంతటదే ఆగాలి. ఇందుకు ఆయిల్ ప్రెషర్ స్విచ్చు ద్వారా కనెక్షన్ ఇస్తారు. లేకపోతే యాక్సిడెంటులో గొట్టం తెగినా పంపు డీజిల్ పోస్తూనే ఉంటుంది.

గాలి తీసే పద్ధతి

ట్యాంకు, పంపు మార్చాక లైనులో గాలి నిండి ఉంటుంది. కనీసం 10 లీటర్ల డీజిల్ పోయండి. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉండండి. నురుగు ఆగి నిండుగా డీజిల్ వచ్చాక స్క్రూ బిగించండి. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గరా ఇలాగే. అప్పటికీ స్టార్టు కాకపోతే నాజిళ్ల దగ్గరి నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగించాలి. ఆగకుండా సెల్ఫ్ కొడితే మోటారు కాలుతుంది. పది పదిహేను సెకన్లు కొట్టి, నిమిషం ఆగాలి.

ఇంజను నడుస్తుండగా నాజిల్ గొట్టాల లీకు చేత్తో తడిమి చూడవద్దు. ఆ ప్రెషరుకు డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న పోటులా కనిపించినా లోపల కండ కుళ్లి వేలు, చెయ్యి తీసేసే పరిస్థితి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

కాగితాల సంగతి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పాడైన ట్యాంకు స్థానంలో అలాంటిదే మరొకటి వేయడం వేరు, డీజిల్ బండిని ఇంకో ఇంధనానికి మార్చడం వేరు. రెండోదానికి రవాణా శాఖ అనుమతి తప్పనిసరి. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అక్కడ కారే ట్యాంకు, వేలాడే గొట్టం కనిపిస్తే వెనక్కి పంపుతారు. ట్యాంకు సైజు గాని చోటు గాని మారితే ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. రేపు బండి కాలిపోతే "చెప్పకుండా మార్చారు" అన్న మాట మీ క్లెయిముకు అడ్డు రాకూడదు.

చివరగా ఒక లెక్క

మూత, జాలీ, ఫిల్టరు, గొట్టాలు, కాపర్ వాషర్లు. ముందు ఈ వరుసలో చూసుకుంటూ రండి. పని అక్కడే తేలిపోతే ట్యాంకు డబ్బులు మిగిలినట్టే. తేలకపోతే ట్యాంకు మార్చండి, పంపుకు కిట్టు వేయండి. మొత్తం పంపు మార్చడం ఆఖరి మాట. రెండూ ఒకేసారి మార్చితే రోగం ఎక్కడుందో మీకూ తెలియదు, మెకానిక్కుకూ తెలియదు.

మార్చాక మొదటి వారం ఖాళీ బండితో ఊరి చుట్టుపక్కల తిప్పండి. 500 కిలోమీటర్లకు జాలీ మళ్లీ కడగండి. బండి పెట్టేసే రాత్రి ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టదు, తుప్పు రాదు. నెలకోసారి అడుగు బోల్టు వదులు చేసి నీళ్లు దించండి. ఈ పనులన్నీ కోతకు ముందే పూర్తి చేసుకోవాలి. తోటలో కాయ ఎర్రబడ్డాక బండి కిందికి దూరితే, అటు బండీ తేలదు, ఇటు పంటా నిలవదు.